పక్క మంచం పాటలు

సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం ఏడింటికల్లా నేను తిరువూరు ఆసుపత్రిలో డయాలసిస్ గదికి చేరుకోవాలి. నా మూత్రపిండాలు రెండూ మానేసిన పనిని అక్కడ ఒక యంత్రం చేస్తుంది. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చుతారు. ఒక గొట్టంలోంచి రక్తం యంత్రంలోకి వెళ్లి, శుభ్రపడి, రెండో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. అలా నాలుగు గంటలు. ఆ చెయ్యి కదిపితే యంత్రం కీచుమని మోగుతుంది, సిస్టర్ పరుగెత్తుకొస్తుంది. అందుకని కుడిచేత్తో పుస్తకం పట్టుకుని, పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడు దాన్ని పొట్టమీద ఆనించి బొటనవేలితో తిప్పడం నేర్చుకున్నాను.

హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. అందుకు పెద్ద కథేమీ లేదు, కుదరలేదు, ఆ తర్వాత అలవాటైపోయింది. మిగతా పేషెంట్లకు బయట బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉంటాడు. భర్తో, కూతురో, తమ్ముడో. నా బెంచీ ఖాళీ. మొదట్లో సిస్టర్ ప్రతిసారీ అడిగేది.

"మీతో ఎవరొచ్చారండి?"

"ఆటోలో వచ్చానమ్మా" అనేదాన్ని.

కొన్నాళ్లకు అడగడం మానేసింది.

నా జీవితంలో నేను గొప్పగా చెప్పుకోగలిగింది ఏదైనా ఉంటే అది పాటలు రాయడం. రెండు నోటు పుస్తకాల నిండా ఉన్నాయి. కొన్నిటికి మా స్కూలు సంగీతం మాస్టారు వరసలు కడితే, వాటిలో నాలుగైదు రేడియోలో వచ్చాయి. అన్నీ బరువైన పాటలే. పోయినవాళ్ల గురించి, ఎండిపోయిన వాగుల గురించి, ఎదురుచూపుల గురించి. పాటంటే మనిషిని పనాపించి ఒకచోట కూర్చోబెట్టాలని నా నమ్మకం. పెళ్లిళ్లలోనూ ఆటోల్లోనూ మోగే డాన్సు పాటలంటే నాకు ఒళ్లుమంట. క్లాసులో ఏ పిల్లయినా అలాంటి పాట కూనిరాగం తీస్తే నిలబెట్టి, "దీని అర్థం చెప్పు" అనేదాన్ని. చెప్పలేక ఆ పిల్ల తలొంచుకుంటే నేను గెలిచినట్టు ఉండేది.

డయాలసిస్ మొదలై ఆరేడు నెలలయ్యాక నా పక్క మంచానికి కొత్త మనిషి వచ్చింది. ఎ.కొండూరు వైపు పల్లె. నలభై అయిదేళ్లుంటాయేమో. మిరప కోతలకు, పత్తి తీతలకు, మామిడి కాపు రోజుల్లో రెడ్డిగూడెం వైపు తోటలకు కూలికి వెళ్లే మనిషి. ఒంట్లో నీరు చేరి మొహం ఉబ్బి ఉన్నా కళ్లు మాత్రం ఎవరితోనో పరాచికాలాడుతున్నట్టు ఉండేవి. ఆమె భర్త వచ్చి దుప్పటి కప్పి, చెప్పులు మంచం కిందికి తోసి, బయట బెంచీ మీద కూర్చునేవాడు. సన్నగా, పొడుగ్గా, అసలు మాట్లాడని మనిషి.

మొదటి రోజే, సూదులు పెట్టడం అయిందో లేదో, ఫోను తీసి గుండెల మీద పెట్టుకుని పాట పెట్టింది. గట్టిగా. నేను దేనికైతే పిల్లల్ని నిలబెట్టేదాన్నో సరిగ్గా అలాంటి పాట. డప్పులు, ఈలలు, "ఏయ్" అనే అరుపులు. ఒకటి అయిపోగానే ఇంకొకటి. చెయ్యి కదపకూడదు కదా, దుప్పటి కింద ఆమె పాదాలు రెండూ ఆడుతున్నాయి.

బుధవారం కూడా ఓర్చుకున్నాను. శుక్రవారం నావల్ల కాలేదు. సిస్టర్‌ని పిలిచాను.

"ఏంటమ్మా ఇది? ఆసుపత్రా, రికార్డింగ్ డాన్సా?"

గదిలో ఆరు మంచాలు. అందరికీ వినపడింది. సిస్టర్ వెళ్లి ఏదో చెప్పేలోపే ఆమె ఫోను నొక్కేసింది.

"తప్పయిపోయిందండి టీచర్‌గారూ. మీరు చదూకుంటన్నారని చూసుకోలేదండి" అంది.

నేను తల ఊపి పుస్తకంలోకి చూశాను. ఆ రోజు చదివింది ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు.

ఆ తర్వాత రెండు వారాలు నేను కోరుకున్న నిశ్శబ్దం నాకు దొరికింది. అయితే అది నిశ్శబ్దం కాదని అప్పుడే తెలిసింది. యంత్రాలు తిరుగుతున్న చప్పుడు. చివరి మంచం పెద్దాయన మూలుగు. ఏసీ నీళ్లు బకెట్లో పడుతున్న చప్పుడు. అంతకుముందు కూడా అవన్నీ ఉన్నవే. పాట మీద కోపంలో ఉన్నాను కాబట్టి వినపడలేదు.

పక్క మంచం మనిషి మాత్రం వెల్లకిలా పడుకుని తన చేతినుంచి వెళ్తున్న ఎర్రటి గొట్టాన్ని చూస్తూ ఉండేది. కాసేపు చూసి కళ్లు మూసుకునేది. మళ్లీ తెరిచి దాన్నే చూసేది. ఒకరోజు మూడో గంటలో ఆమెకు పిక్క పట్టేసింది. ఒంట్లో నీరు ఎక్కువగా లాగినప్పుడు అలా కండరాలు బిగుసుకుపోతాయి. ఆ నొప్పి నాకూ తెలుసు. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సిస్టర్ వచ్చి పాదం పట్టుకుని వెనక్కి వంచింది. నొప్పి తగ్గాక కూడా ఏడుపు తగ్గలేదు.

"ఇంకా నొప్పిగా ఉందా?" అని నేనడిగాను. ఆ రెండు వారాల్లో ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"నొప్పి కాదండి. భయం. ఆ గొట్టంలో పోయేది నా రగతమే గదండి. దాన్నట్టా చూత్తా ఉంటే, అది తిరిగి రాదేమోననిపిస్తదండి."

"మరి చూడకు."

"సూపంతా అటే పోద్దండి. పాటుంటే పోదు."

ఆ పాటల్ని నేను సరదా అనుకున్నాను. ఆ మనిషి కళ్లు కప్పుకోవడానికి పెట్టుకున్న గుడ్డను లాగేశానన్నమాట.

"పెట్టుకో. కాస్త తక్కువగా పెట్టుకో" అన్నాను.

మా మంచాల మధ్య మందులు పెట్టుకునే ఒక స్టూలుంది. ఆ స్టూలు మీద ఫోను పెట్టి, ఇద్దరికి మాత్రమే వినపడేలా పాట పెట్టింది. దుప్పటి కింద పాదాలు మళ్లీ ఆడటం మొదలుపెట్టాయి.

అలా ఆ చలికాలమంతా, వారానికి పన్నెండు గంటలు, నేను జన్మలో వినని పాటలు విన్నాను. నచ్చాయని చెప్పను. సగం పాటల్లో క్రియాపదమే ఉండదు. ఒకదాంట్లో బుగ్గను బొబ్బట్టుతో పోల్చి, రెండో చరణంలో అదే బుగ్గను టపాకాయ చేశాడు. ఉండబట్టలేక అడిగాను.

"ఇందులో అర్థమేముంది చెప్పు?"

క్లాసులో పిల్లల్లా తలొంచుకుంటుందనుకున్నాను. నవ్వింది.

"అర్థమెందుకండి టీచర్‌గారూ? అర్థాలు ఇంటికాడ బోలెడున్నయి. పొద్దున లేచిన కాణ్ణుంచీ అన్నీ అర్థం అవుతానే ఉంటాయి గదండి."

ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినదాన్ని, తర్వాతి పాట పెట్టమన్నాను.

నేనూ పాటలు రాస్తానని ఆమెకు సిస్టర్ చెప్పిందట. అప్పటినుంచి వదల్లేదు. "ఒకటి ఇనిపించండి" అని రోజూ అడిగేది. పైకి వద్దు వద్దు అంటూనే, లోపల నాకు చాలా సంతోషంగా ఉండేది. నా పాటలు వింటానని ఒక మనిషి అడిగి ఎన్నేళ్లయిందో! రేడియోలో వచ్చినవాటిలో ఒకదాన్ని ఎప్పుడో టేపులో పట్టుకున్నాను. దాన్ని ఫోనులోకి ఎక్కించుకుని ఒక సోమవారం తీసుకెళ్లాను. నా పాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. అమ్మ పోయిన ఏడాది రాసింది.

"దీపమారిన ఇంట తలుపు తట్టకు గాలీ,
బదులు పలికే గొంతు బయలుదేరిపోయింది..."

ఆమె కళ్లు మూసుకుని మొత్తం వింది. పాదాలు కదల్లేదు. పాట అయిపోయింది. నేను పొగడ్త కోసం ఎదురుచూస్తున్నాను. ఆ మాట దాచను.

"శానా బాగుందండి" అంది చివరికి. "గుండె పట్టేసింది. కానీ ఇక్కడొద్దండి టీచర్‌గారూ. ఇది ఒంట్లో బాగున్నోళ్లు ఇనే పాట."

"అంటే?"

"అంటే... కడుపు నిండినోడు ఉపాసం ఉండొచ్చండి. నేనుండలేను."

నాకు కోపం వచ్చింది. కోపం కంటే సిగ్గు ఎక్కువ. ఆ రోజు మిగతా మూడు గంటలు పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. ఆటోలో ఇంటికెళ్తూ మనసులో ఆమెతో వాదించాను. చదువులేని మనిషికి ఏం తెలుసనుకున్నాను. ఇంటికొచ్చి, తాళం తీసి, చల్లబడిన అన్నం ముందు కూర్చున్నాక ఆ వాదన ఒక్కొక్క ముక్కే రాలిపోయింది. అమ్మ మంచంలో ఉన్న ఆఖరి రోజుల్లో నేను ఏ పాటా రాయలేదు. ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆమె వెళ్లిపోయాక, ఇల్లు సర్దుకున్నాక, నా ఒంట్లో ఏ నొప్పీ లేనప్పుడు రాశాను. అమ్మ బతికున్నప్పుడు టీవీలో ఏవో వెకిలి జోకులు చూసి నవ్వుతుంటే, "ఈ వయసులో ఇవేంటమ్మా?" అని నేను చానెల్ మార్చేదాన్ని. అది గుర్తొచ్చి అన్నం తినలేకపోయాను.

మర్నాడు మంగళవారం. డయాలసిస్ లేని రోజు. నోటు పుస్తకం తీసి ఒక తేలికపాటి పాట రాద్దామని కూర్చున్నాను. గంటలో అయిపోతుందనుకున్నాను. అర్థం లేని మాటలు పేర్చడం ఎంతసేపు?

మొదటి లైను సరదాగానే వచ్చేది. రెండోది పరవాలేదు. మూడో లైనుకల్లా ఎవరో ఒకరు చచ్చిపోయేవారు. పిట్ట గురించి మొదలుపెడితే దాని గూడు చెదిరింది. జాతర మీద రాస్తే అందులో ఒకడు తప్పిపోయాడు. కాగితాలు చించి పారేశాను. మళ్లీ గురువారం కూర్చున్నాను. మళ్లీ ఆదివారం. నాకు నవ్వించడం రాదని, ఎప్పుడూ రాలేదని, అందుకే దాన్ని చిన్నచూపు చూశానని ఆ కాగితాల ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది.

చివరికి ఆ పాట నాకు వంటింట్లో దొరికింది. మాకు తినకూడనివి చాలా ఉన్నాయి. ఉప్పు తగ్గించాలి కాబట్టి పచ్చళ్లు లేవు. కొబ్బరినీళ్లు లేవు, అరటిపండు లేదు, మామిడిపండు లేదు. మంచినీళ్లు కూడా గ్లాసుతో కొలుచుకుని తాగాలి. డాక్టరమ్మ రాసిచ్చిన ఆ జాబితా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంటుంది. దాన్ని రోజూ చూసి దిగులు పడేదాన్ని. ఆరోజు ఎందుకో నవ్వొచ్చింది.

సోమవారం సూదులు పెట్టాక, "ఒకటి రాశాను. నవ్వకు" అన్నాను.

"నవ్వొద్దంటే ఎట్టాగండి?"

గొంతు తగ్గించి చదివాను.

"ఆవకాయ జాడీకి తాళమేసినారే,
తాళంచెవి డాక్టరమ్మ దాచిపెట్టినాదే!
కొబ్బరి బోండాము నన్ను కొరకొర చూసిందే,
అరటిపండు అలిగెళ్ళి గెలలోన కూర్చుందే!"

ఆమె ముందు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట అదురుతుంటే చెయ్యి కదిలి యంత్రం మోగింది. సిస్టర్ పరుగున వచ్చి తిట్టి, సంగతి తెలుసుకుని తనూ నవ్వింది. అప్పుడు ఆమె ఆ నాలుగు లైన్లకూ అక్కడికక్కడే వరస కట్టింది. నేను మనసులో అనుకున్న వరస కాదు. కోతల్లో పాడుకునే దరువు. "దాచిపెట్టినాదే" అన్నచోట ఆగి, "ఇది నోరు తిరగట్లేదండి, 'దాసుకున్నాదే' అందాం" అని మార్చింది. మార్చాక పాట నిజంగానే పరుగెత్తింది. నా పాటల్లో ఒక్క అక్షరం మార్చమన్నా సంగీతం మాస్టారితో పోట్లాడేదాన్ని. ఆమెను ఏమీ అనలేదు.

అటుమీద గదంతా దాన్ని పట్టుకుంది. ఎదురు మంచంలోని రిటైర్డ్ కండక్టర్ గారు టీ మీద ఒక చరణం కలిపారు. ఎప్పుడూ మూలుగుతూ ఉండే పెద్దాయన మజ్జిగ మిరపకాయల్ని కూడా పాటలో చేర్చమని అడిగాడు. చేర్చాం. ఆరు మంచాల మీద ఆరుగురు మనుషులు, ఒక్కొక్క చెయ్యి కదపకుండా, తినకూడని తిండి మీద పాట పాడుతున్నారు. నా పాటలు రేడియోలో వచ్చిన రోజుల్లో నేను ఒంటరిగా గదిలో కూర్చుని విన్నాను. నేను రాసినదాన్ని ఇంతమంది కలిసి పాడగా వినడం నా జీవితంలో అదొక్కసారే.

మామిడి కాపు మొదలయ్యే రోజులకి ఆమె ఆరోగ్యం దిగజారింది. ఒక బుధవారం రాలేదు. శుక్రవారం వచ్చింది గానీ ఆయాసంతో పడుకోలేక, దిండ్లు పెట్టుకుని కూర్చుంది. ఫోను తీయలేదు. నేనే నా ఫోనులో ఆమె పాట ఒకటి వెతికి స్టూలు మీద పెట్టాను. నా వైపు చూసి నవ్వింది.

"మీరు పెడితే ఏదోలా ఉందండి టీచర్‌గారూ" అంది. "మీరు తిట్టాలి. నేను పెట్టాలి."

సోమవారం వెళ్లేసరికి పక్క మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. సిస్టర్ నా చేతికి సూది పెడుతూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"ఆదివారం పొద్దున్నే అండి. ఇంటి దగ్గరే."

ఆ నాలుగు గంటలు ఎలా గడిచాయో నాకు జ్ఞాపకం లేదు. గదిలో ఎవరూ పాట ఎత్తలేదు.

కొన్నాళ్లకు ఒక శుక్రవారం ఆమె భర్త ఆసుపత్రికి వచ్చి నా మంచం దగ్గర నిలబడ్డాడు. ఆయన గొంతు నేను వినడం అదే మొదలు.

"ఎల్లుండి ఆదరణ కూడికండి. దాని పేరున ఇంటికాడ ప్రార్థన పెట్టుకున్నామండి. మీరు రావాలండి. ఒక పాట పాడాలండి."

నేను ఆవకాయ పాట అనుకున్నాను. అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అదొద్దండి. అది ఇంటికాడ రోజూ పాడేదండి. ఇప్పుడది ఇంటే తట్టుకోలేను. మీరు పెద్ద పాటలు రాత్తారంట గదండి. ఏదైనా ఒకటి."

వాళ్ల ఊరు బస్సు దిగాక కొంతదూరం నడవాలి. నీరసంగా ఉన్నా వెళ్లాను. ఇంటిముందు షామియానా కింద కుర్చీలు వేశారు. పాస్టరుగారు వాక్యం చెప్పి, ప్రార్థన అయ్యాక నన్ను పిలిచారు. నా గొంతు ఏమంత బాగుండదు. నోటు పుస్తకంలోంచి కోత అయిపోయిన చేలో మిగిలిన కొయ్యకాళ్ల మీద రాసిన పాట పాడాను. పైరు కోసుకుని ఇంటికి తీసుకెళ్లారు, మొదలు మాత్రం మట్టిలోనే నిలబడి ఉంది అని దాని భావం. ఎప్పుడో ఇరవయ్యేళ్ల కింద రాసింది. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

రెండో చరణం దగ్గర ఆ సన్నటి పొడుగాటి మనిషి కుర్చీలోంచి కిందికి జారి, నేలమీద కూర్చుని ఏడవడం మొదలుపెట్టాడు. ఎవరో లేపబోతే ఆయన అక్కగారు వద్దని వారించింది.

"ఏడవనియ్యండి. ఆ పిల్ల పోయినప్పటి నుంచీ ఒక్క బొట్టు రాలలేదు. దాని ముందు ఏడవకూడదని జబ్బు తెలిసిన కాణ్ణుంచీ బిగబట్టుకున్నాడు" అంది.

నేను పాట ఆపలేదు. చివరిదాకా పాడాను. ఆయన చివరిదాకా ఏడ్చాడు. భోజనాల దగ్గర నా విస్తరిలో పచ్చడి వేయబోతే ఆయనే అడ్డుపడి, "ఆవిడకి వెయ్యొద్దు" అన్నాడు.

ఆ రోజు బస్సులో తిరువూరు వస్తూ చాలా ఆలోచించాను. ఏ పాట గొప్పదన్న నా పాత ప్రశ్నకు అక్కడ విలువ లేదు. పోతున్న మనిషికి ఒకటి కావాల్సి వచ్చింది, మిగిలిన మనిషికి ఇంకొకటి. మొదటిది రాయడానికి నాకు ఒక జీవితకాలం ఆలస్యమైంది. అదీ ఆమె 'ఇక్కడొద్దు' అన్నాక రాశాను. తర్వాత మళ్లీ ప్రయత్నించాను. రాలేదు. ఎదురుగా నవ్వే మనిషి లేనప్పుడు నవ్వు పాట ఎవరికోసం రాయాలో నాకు తెలియడం లేదు.

ఇప్పుడు పక్క మంచంలో ఒక షావుకారు గారు ఉన్నారు. మర్యాదస్తుడు. సూదులు పెట్టగానే నిద్రపోతారు, తీసేటప్పుడు లేస్తారు. నాకు ఏ ఇబ్బందీ లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అప్పుడప్పుడు ఆమె వినిపించిన పాటలు వింటాను. నిజం చెప్పాలంటే అవి ఇప్పటికీ నాకు నచ్చవు. బాగాలేవని చెప్పడానికి పక్కన మనిషి లేకపోవడంతో, ఆ నచ్చకపోవడం కూడా చప్పగా ఉంది.

మొన్న శుక్రవారం ఆసుపత్రి బయట ఆటో ఎక్కాను. డ్రైవరు ఏదో హుషారు పాట పెట్టుకుని ఉన్నాడు. అద్దంలో నా తెల్లజుట్టు, చేతికి అంటించిన ప్లాస్టరు చూసినట్టున్నాడు.

"సారీ అండి మేడమ్" అని పాట ఆపేశాడు.

"పర్లేదు, ఉండనియ్" అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఈలోగా బోసుబొమ్మ సెంటరు దాటి మా వీధి మలుపు వచ్చేసింది. ఇల్లు చూపించి దిగాను.